తుఫానుకు కరెంటు పోతే ఇంట్లో ఏం సిద్ధంగా ఉండాలి? నెల్లూరు, ప్రకాశం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు వచ్చిందంటే మన వైపు అందరి చెవులూ వాతావరణం వార్తల మీదే ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వాన మనకు కావాలి, చెరువులు నిండాలి, నారు పోసుకోవాలి, కానీ ఆ వాన వెంటే వాయుగుండాలు కూడా వస్తాయి, అవి వచ్చినప్పుడల్లా ముందు పోయేది కరెంటే. నేను ఉండేది కావలిలో. మా బంధువులు సింగరాయకొండ నుంచి కోవూరు దాకా ఉన్నారు కాబట్టి సీజను మొదలవగానే ఫోన్లు మొదలవుతాయి, ఏ ఇన్వర్టర్ తీసుకోవాలి, జనరేటర్ ఎక్కడ పెట్టాలి, మిద్దె మీద సోలార్ ఉంది కదా ఇంక భయం లేదా అని. అవే ప్రశ్నలు, నేను చెప్పే సమాధానాలు ఇక్కడ రాస్తున్నాను.

రోజూ గంటో రెండు గంటలో పోయే కరెంటుకు మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. తుఫానుకు అది చాలదా?

వాడే పద్ధతి మార్చకపోతే చాలదు. మామూలు కోతకు, తుఫాను కోతకు పోలికే లేదు. గాలి పెరిగే సూచన కనపడగానే తీగలు తెగి ఎవరికీ ప్రమాదం కాకూడదని సబ్‌స్టేషన్‌లోనే ఫీడర్లు, అంటే అక్కడి నుంచి ఊళ్లకు వచ్చే లైన్లు, ఆపేస్తారు, అంటే తుఫాను ఇంకా రాకముందే మీ బ్యాటరీ ఖర్చవడం మొదలవుతుంది. తర్వాత స్తంభాలు పడతాయి, చెట్లు తీగల మీద పడతాయి, రోడ్డు మీద నీళ్లుంటే లైన్‌మ్యాన్ అక్కడికి చేరడమే కష్టం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు పట్టాలు రెండూ తెగిపోయాయి, అలాంటప్పుడు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎటు నుంచి వస్తాయి?

ఇంకో మాట. తుఫాను తీరం దాటేది ఎక్కడో కదా అని ఊరుకోకండి. మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది, కానీ అంతకుముందే నెల్లూరు తీరం పక్కనుంచే వెళ్లింది. 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర దాటినా మనకు కుండపోత తప్పలేదు. పైగా తుఫాన్లు చలికాలం ముందే వస్తాయన్న గ్యారంటీ లేదు, లైలా వచ్చింది 2010 మే నెలలో, మంచి ఎండాకాలంలో. అందుకే నా లెక్క ఎప్పుడూ మూడు రోజులు. మూడు రోజులు కరెంటు లేకపోయినా ఇంట్లో వాళ్లకు నీళ్లు, వెలుతురు, మందులు, ఫోను ఆగకూడదు. మిగిలినవన్నీ ఆ తర్వాతే.

ఎంత పెద్ద ఇన్వర్టర్, ఎంత పెద్ద బ్యాటరీ కొనాలి?

కొట్టుకు వెళ్లే ముందు ఇంట్లో ఒక కాగితం తీసుకుని ఏవి తప్పనిసరిగా నడవాలో వాట్లతో సహా రాయండి. ఎల్ఈడీ బల్బు 9 వాట్లు, పాత రకం సీలింగ్ ఫ్యాను దాదాపు 75, కరెంటు తక్కువ తినే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర, వైఫై రూటర్ 10 నుంచి 12, 32 అంగుళాల టీవీ 50 దాకా, మిక్సీ 500 నుంచి 750. ఈ కాగితం రాయకుండా కొట్టుకు వెళితే వాళ్లు చూపించిందే కొంటారు, నేను ఎన్ని ఇళ్లలో చూశానో.

ఇన్వర్టర్ కుళాయి లాంటిది, బ్యాటరీ ట్యాంకు లాంటిది. ఒకేసారి ఎన్ని నడపగలరో ఇన్వర్టర్ చెబుతుంది, ఎంతసేపు నడపగలరో బ్యాటరీ చెబుతుంది. 900 వీఏ ఇన్వర్టర్ సుమారు 700 వాట్ల దాకా మోస్తుంది, మన అవసరానికి అది ఎక్కువే. ట్యాంకు సంగతే ముఖ్యం. 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీ అంటే లెక్కకు 1800 వాట్ అవర్లు, కానీ పూర్తిగా పిండేస్తే బ్యాటరీ పాడవుతుంది, ఇన్వర్టర్‌లో కూడా కొంత పోతుంది, చేతికి వచ్చేది 1200 అనుకోండి. ఇప్పుడు రెండు పాత ఫ్యాన్లు, నాలుగు బల్బులు, రూటర్, ఫోన్ చార్జింగ్ కలిపితే 213 వాట్ల దాకా అవుతాయి, అంటే ఐదున్నర గంటలు. అవే రెండు ఫ్యాన్లు బీఎల్‌డీసీవి అయితే మొత్తం 123కి దిగుతుంది, దాదాపు పది గంటలు వస్తాయి. రెండో బ్యాటరీ కొనే డబ్బుతో రెండు ఫ్యాన్లు మార్చుకోవడం చాలా తక్కువ ఖర్చు, మామూలు రోజుల్లో బిల్లు కూడా తగ్గుతుంది. నన్ను ఒక్క సలహా అడిగితే ఇదే చెబుతాను.

అదే రాత్రి ఒక్క గదిలో అందరూ పడుకుని ఒక్క బీఎల్‌డీసీ ఫ్యాను, ఒక్క బల్బు పెట్టుకుంటే 40 వాట్లే, అదే బ్యాటరీ 30 గంటలు వస్తుంది. మూడు రోజులు నెట్టుకురావడం అంటే ఇదే.

ట్యూబులర్ బ్యాటరీయా, లిథియమా?

రెండూ పనిచేస్తాయి. ట్యూబులర్ చవక, మన ఊళ్లలో బాగుచేసేవాళ్లు దొరుకుతారు, కానీ డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, పూర్తిగా చార్జ్ అవడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. తుఫాను తర్వాత కరెంటు రెండు గంటలు వచ్చి మళ్లీ పోతుంటుంది కదా, ఆ రెండు గంటల్లో ట్యూబులర్ కొంచెమే నిండుతుంది, లిథియం దానికి తగిన చార్జర్ ఉంటే చాలావరకు నిండుతుంది. ధర ఎక్కువైనా ఎక్కువ ఏళ్లు వస్తుంది. ఇంట్లో రోగి ఉంటే లిథియం వైపే మొగ్గుతాను.

పాత బ్యాటరీ ఉన్నవాళ్లు సెప్టెంబరులో ఒక ఆదివారం మెయిన్ ఆపేసి, మామూలుగా వాడుతూ ఎన్ని గంటలకు ఆగిపోతుందో గడియారం చూసి రాసుకోండి. నాలుగేళ్ల బ్యాటరీ కొత్తలో ఇచ్చిన దాంట్లో సగమే ఇస్తుంటే ఆ విషయం ఆ ఆదివారం తెలియాలి, తుఫాను రాత్రి కాదు.

బ్యాటరీకి నేను కుళాయి నీళ్లు పోస్తున్నాను, పర్వాలేదా?

వద్దు. ఆర్వో నీళ్లు కూడా వద్దు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, గుర్తు దాకానే. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలికి టెర్మినళ్ల మీద తుప్పు త్వరగా వస్తుంది, అది తుడిచి బిగించి కొంచెం వేజిలిన్ రాస్తే మంచిది. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాసు వస్తుంది కాబట్టి మూసిన బీరువాలోనో, దేవుడి దీపం పక్కనో పెట్టకండి.

ఇన్వర్టర్ ఎక్కడ పెడితే మంచిది?

ఎత్తులో. మెట్ల కింద ఖాళీ ఉంటుంది కదా అని చాలామంది అక్కడే నేల మీద పెట్టిస్తారు. మా అక్కావాళ్ల ఇంట్లో కూడా అలాగే పెట్టించారు, కోవూరు వైపు ఇల్లు. 2021 వరదలో సాయంత్రం ఇంట్లోకి నీళ్లు రావడం మొదలైంది, మోకాలి లోతు వచ్చేసరికి బ్యాటరీ మునిగిపోయింది. నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ అది, ముందు రోజే చూసుకున్నారు. ఒక్క రాత్రి కూడా పనికి రాలేదు. చీకట్లో మా అమ్మను పట్టుకుని మెట్లు ఎక్కించడం ఎంత టెన్షనో అక్క ఇప్పటికీ చెబుతుంది.

కాబట్టి మీ వీధిలో ఇంతకుముందు ఎంత నీళ్లు వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, దానికి రెండడుగులు పైన ఇనుప స్టాండు మీద పెట్టించండి. మేడ ఉంటే మేడ మీద గదిలో ఇంకా మంచిది. ఒక 150 ఏహెచ్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, నీళ్లు వచ్చాక ఎత్తి పెడదాంలే అనుకుంటే కుదరదు.

ఇన్వర్టర్ కొనే స్తోమత మాకు లేదు. ఏం చేయాలి?

చేయగలిగింది చాలా ఉంది. లోపల బ్యాటరీ ఉండే రీచార్జబుల్ బల్బులు రెండు మూడు తీసుకోండి, హోల్డరులో పెడితే మామూలు బల్బులాగే వెలుగుతాయి, కరెంటు పోయాక మూడు నాలుగు గంటలు వస్తాయి. ఒకటి వాడుతూ మిగిలినవి ఆపి ఉంచండి. మంచి టార్చి ఒకటి, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి. కొవ్వొత్తులు ఉంటే ఉండనివ్వండి కానీ పిల్లలున్న ఇంట్లో, దోమతెర పక్కన వెలిగించి నిద్రపోకండి. రేకుల ఇంట్లో, పూరింట్లో ఉండేవాళ్లు మాత్రం బ్యాకప్ సంగతి పక్కనపెట్టి, అధికారులు చెప్పగానే పునరావాస కేంద్రానికి వెళ్లండి. పవర్ బ్యాంకు, మందులు మాత్రం వెంట తీసుకెళ్లండి.

ఫ్రిజ్ ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

నడవచ్చు కానీ వద్దంటాను. నడిచేటప్పుడు 150 నుంచి 200 వాట్లు తీసుకున్నా, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఒక్క బ్యాటరీని ఫ్రిజ్ మింగేస్తే రాత్రికి ఫ్యాను ఉండదు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో రెండు రోజుల దాకా, సగం నిండితే ఒక రోజు నిలుస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్నచోట నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించండి. చేపలుంటే ముందు రోజు సాయంత్రమే పులుసు పెట్టేయండి, చింతపండు పులుపుకు మరుసటి రోజు దాకా నిలుస్తుంది, రుచి కూడా ఇంకా బాగుంటుంది. పాలు కాచి వాడేసుకోండి.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లున్నారు, ఇంకొకరికి ఆక్సిజన్ మెషీను ఉంది.

ఇలాంటి ఇల్లయితే అన్నిటికన్నా ముందు ఇదే ఆలోచించండి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా లేదా పెన్ను చాలా రకాలకు ఎండ తగలని చోట మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా ఉంటుంది, పెట్టె మీద రాసిన గడువు చూడండి, డాక్టరును ముందే అడగండి. తెరవని వాటికి చల్లదనం కావాలి. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, ఒక గిన్నెలో మూతపెట్టి ఉంచే పాత పద్ధతి పనికొస్తుంది. ఐసుకు నేరుగా ఆనించకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా వాడకూడదు.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ వేరే సంగతి. 5 లీటర్లది దాదాపు 350 వాట్లు తీసుకుంటుంది, పైన చెప్పిన బ్యాటరీ దాన్ని మూడు గంటలు కొంచెం దాటి నడుపుతుంది, అంతే. ఇంట్లో నిండు సిలిండరు ఒకటి పెట్టుకోండి, హెచ్చరిక వచ్చిన రోజే దగ్గరి ఆసుపత్రికి చెప్పి ఉంచండి, వీలైతే ముందే నెల్లూరులోనో ఒంగోలులోనో బంధువుల ఇంటికి మారిపోండి. మొహమాటపడకండి. నెబ్యులైజర్ అంత ఇబ్బంది పెట్టదు, పది నిమిషాల పని, ఇన్వర్టర్ మోస్తుంది.

నీళ్ల మోటారు సంగతేంటి?

ఇన్వర్టర్‌తో అనుకోకండి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్లు దాటుతుంది, మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు. అందుకే హెచ్చరిక రాగానే పైట్యాంకు, సంపు, బిందెలు, బకెట్లు అన్నీ నింపి పెట్టాలి. తాగే నీళ్లు విడిగా. ఆర్వో మిషన్ కరెంటు లేకుండా నడవదు.

జనరేటర్‌తో సబ్‌మెర్సిబుల్ నడపాలంటే 2 కేవీఏ ఒక్కోసారి మొదలవుతూనే ఆగిపోతుంది, 3 కేవీఏ నయం. వీధిలో నాలుగిళ్లు కలిసి ఒకటి కొనుక్కుని, ఇంటికి ఇరవై నిమిషాల చొప్పున ట్యాంకులు నింపుకుంటే అందరికీ సరిపోతుంది. రోజంతా నడపాల్సిన పనిలేదు.

వాన పడుతోంది, జనరేటర్ వసారాలో పెట్టుకోవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఈ ఒక్క సమాధానం మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

పెట్రోలు జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, అంతలోనే స్పృహ తప్పుతుంది, నిద్రలో ఉన్నవాళ్లకు అది కూడా తెలియదు. వసారా, పోర్టికో, మెట్ల కింద, కిటికీ పక్కన, గేటు లోపల రేకు కింద, ఇవన్నీ ఇంటి లోపల కిందే లెక్క. కిటికీలు తీసి పెట్టాం కదా అంటే సరిపోదు. ఇంటి నుంచి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి అవతలి వైపు ఉండేలా, పక్కింటివాళ్ల కిటికీ వైపు కూడా కాకుండా పెట్టాలి. వాన తడవకుండా నాలుగు కర్రలు పాతి పైన రేకు వేయండి, చుట్టూ మాత్రం మూయకండి. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు అసలు నడపకండి, తగ్గాక నడపండి. ఎవరికైనా తలనొప్పి అనిపిస్తే వెంటనే అందరూ బయటి గాలిలోకి వచ్చి 108కి ఫోన్ చేయాలి.

జనరేటర్ వైరు ఇంట్లో ప్లగ్గులో పెడితే ఇల్లంతా వెలుగుతుందంటున్నారు.

వెలుగుతుంది. మనిషి ప్రాణం కూడా పోతుంది. మెయిన్ ఆపడం మరచిపోతే మీ జనరేటర్ కరెంటు మీటరు దాటి బయటి తీగలోకి వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి 11,000 వోల్టుల లైనులోకి చేరుతుంది. ఆ లైను ఆపేశారనుకుని స్తంభం మీద ఒక మనిషి పనిచేస్తుంటాడు. మన కోసం వానలో తడుస్తూ వచ్చినవాడు. రెండు కొసలకూ ప్లగ్గులున్న ఆ వైరు ఎవరైనా చేసిచ్చినా తీసుకోకండి. ఎలక్ట్రీషియన్ చేత చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి, అందులో ఒకవైపు వేస్తే రెండోవైపు తప్పకుండా తెగుతుంది. అది లేకపోతే జనరేటర్ మీదున్న సాకెట్ నుంచి మంచి లావు వైరు ఎక్స్‌టెన్షన్‌తో నేరుగా వస్తువుకే ఇవ్వండి. ఎర్తింగ్ కూడా చూపించుకోండి.

రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్ల కోసం పెట్టిన పెద్ద డీజిల్ జనరేటర్ నుంచి ఇంటికి వైరు లాగుతామని కొందరు అడుగుతారు. అది త్రీఫేజ్, ఇంటికి ఇవ్వాలంటే లోడు ఏ ఫేజు మీద పడుతుందో చూసి ఇవ్వాలి, తెలిసినవాళ్లే చేయాలి. తడి గట్టు మీదుగా అతుకుల వైరు లాగడం మాత్రం ఎవరు చేసినా తప్పే.

పెట్రోలు ఎంత పెట్టుకోవాలి?

రోజుకు రెండు మూడు గంటలు నడిపేలా ప్లాన్ చేసుకుంటే, గంటకు లీటరు చొప్పున వేసుకున్నా మూడు రోజులకు ఏడెనిమిది లీటర్లు. అంతకుమించి ఇంట్లో పెట్టుకోకండి. గట్టి మూత ఉన్న ఇంధనం క్యాను కావాలి, నీళ్ల సీసాలు వద్దు, వంటగదికి దూరంగా ఉంచండి. జనరేటర్ ఆపి, చల్లారాకే పోయండి. సీజను అయిపోయాక ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయకపోతే వచ్చే ఏడాది తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు.

మిద్దె మీద సోలార్ ఉంది. కరెంటు పోయినా మాకు వస్తుంది కదా?

ఇది విన్నవాళ్లంతా ఆశ్చర్యపోతారు: చాలామంది ఇళ్లలో రాదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టించుకున్న ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా బయటి లైనుకే కలిపినది, బయట కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. పైన చెప్పిన లైన్‌మ్యాన్ ప్రాణం కోసమే ఆ ఏర్పాటు. కరెంటు లేనప్పుడు కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. ఆ పథకంలో 1 కిలోవాటుకు 30,000, రెండుకు 60,000, మూడు అంతకుమించితే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, అది ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేది, బ్యాటరీ ఖర్చు మీరే పెట్టుకోవాలి. కొత్తగా పెట్టించుకునేవాళ్లు సంతకం పెట్టే ముందే ఈ ప్రశ్న అడగండి.

తుఫాను రోజు మబ్బుకు ప్యానెళ్లు ఇచ్చేది చాలా తక్కువ. మర్నాడు ఎండ వచ్చాకే వాటి అవసరం తెలుస్తుంది. గాలికి ఎగరకుండా ఫ్రేము బోల్టులు సీజనుకు ముందే బిగించి చూసుకోండి.

ఫోన్లు ఎలా కాపాడుకోవాలి?

టవర్లకు కూడా బ్యాటరీలే, అవి అయిపోతే సిగ్నల్ పోతుంది. సిగ్నల్ కోసం వెతుకుతూనే ఫోను చార్జింగ్ తినేస్తుంది కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూడండి. ఇంట్లో అందరివీ ఒకేసారి ఆన్‌లో వద్దు. ఫోన్ కలవనప్పుడు ఎస్ఎంఎస్ వెళ్తుంది ఒక్కోసారి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక ఫోనును ఒకటిన్నర సారి దాకా నింపుతుంది, రెండుసార్లు అని లెక్కేసుకోకండి. కారు ఉంటే బయట ఆరుబయలులో ఇంజను ఆన్ చేసి చార్జ్ చేసుకోవచ్చు, షెడ్డులో కాదు, అదీ పొగే.

బ్యాటరీ సెల్లుతో నడిచే చిన్న రేడియో ఒకటి ఉంచుకోండి. 1912, 112, 1077 నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, 1912 కరెంటు ఫిర్యాదులకు, 112 ఏ అత్యవసరానికైనా, 1077 జిల్లా కంట్రోల్ రూముకు. కరెంటు కంపెనీ నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్ అయినా 1912 ఒక్కటే.

హెచ్చరిక వచ్చాక ఏది ఎప్పుడు చేయాలి?

వాతావరణ శాఖ తీరానికి సుమారు 72 గంటల ముందు నుంచి చెప్పడం మొదలుపెడుతుంది, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్. మొదటి మాట వినగానే బ్యాటరీలో నీళ్లు చూసి పూర్తిగా చార్జ్ పెట్టండి, గ్యాస్ బండ చూసుకోండి, ఇండక్షన్ పొయ్యి మీద ఆధారపడేవాళ్లు మరీ ముఖ్యంగా. అలర్ట్ వచ్చేసరికి మందులు, పెట్రోలు, చిల్లర డబ్బు చేతిలో ఉండాలి, కరెంటు లేకపోతే ఏటీఎం లేదు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే లేదు. వార్నింగ్ రోజు నీళ్లన్నీ నింపి, ఫోన్లన్నీ నింపి, ఇన్వర్టర్ మీద అనవసరమైన స్విచ్చులకు టేపు వేసేయండి, పిల్లలు అలవాటుగా వేసేస్తారు.

ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయి. ఇన్వర్టర్ నడుస్తోంది.

నీళ్లు గడప దాటకముందే మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపండి. మెయిన్ ఆపితే చాలనుకుంటారు, కానీ ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే గోడ ప్లగ్గుల్లో ఇంకా 230 వోల్టులు ఉంటాయి. ఇప్పటికే నీళ్లలో నిలబడి ఉంటే స్విచ్చు జోలికి వెళ్లకండి, బయటికి వచ్చేయండి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచేసే స్విచ్చు) లేని ఇళ్లు ఈ ఏడాదే పెట్టించుకోండి, ఇన్వర్టర్ లైను మీద కూడా. వీధిలో తీగ తెగి పడితే చచ్చిపోయిన తీగే అనుకోకండి, తడి నేలలో దూరం నుంచే షాక్ కొడుతుంది. పిల్లల్ని, గొడ్లని అటు పోనివ్వకుండా ఎవరో ఒకరు కాపలా ఉండి 1912కి చెప్పాలి.

కరెంటు వచ్చాక?

కరెంటు పోయిన వెంటనే ఫ్రిజ్, టీవీ, ఏసీ, మోటారు స్విచ్చులు ఆపేసి ఉంచితే మంచిది, ఎందుకంటే మొదట వచ్చేటప్పుడు వోల్టేజి ఎక్కువ తక్కువలు కొడుతుంది. ఒక్క బల్బు వేసి పది పదిహేను నిమిషాలు చూడండి. వెలుగు మిణుకుమిణుకుమంటున్నా, మరీ ఎక్కువగా ఉన్నా మెయిన్ ఆపి ఫిర్యాదు చేయండి. నీళ్లు తగిలిన ప్లగ్గులు, మోటారు స్టార్టరు, మునిగిన బ్యాటరీ ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టుకోవద్దు. ఇన్వర్టర్ బాగుంటే ముందు దాన్నే చార్జ్‌కి పెట్టండి, తర్వాత మోటారు వేసి ట్యాంకు నింపండి, ఆ తర్వాతే ఫ్రిజ్. నవంబరులో ఒక తుఫాను పోయినా వారంలో ఇంకొకటి బంగాళాఖాతంలో తయారవచ్చు.